పల్చని రేకు భాగాల ఎఫ్ఈఏ (ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ): ప్రీ, పోస్ట్ ప్రాసెసింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ మేలు?

ప్రశ్న: పల్చని రేకు భాగాలను కాల్క్యులిక్స్ సాల్వర్‌తో (ఎఫ్ఈఏ లెక్కలు చేసే ప్రోగ్రాం) విశ్లేషించేటప్పుడు మెష్ (భాగాన్ని చిన్న ఎలిమెంట్లుగా విభజించిన వల) తయారీకీ, అంటే ప్రీ ప్రాసెసింగ్‌కూ, ఫలితాల పరిశీలనకూ, అంటే పోస్ట్ ప్రాసెసింగ్‌కూ, ఏ సాఫ్ట్‌వేర్ అనుకూలమో తెలియజేయగలరు.

జవాబు 1: ఇలాంటి భాగాలకు మధ్యతలాన్ని (రేకు మందానికి సరిగ్గా నడుమ ఉండే తలం) వెలికితీసి షెల్ ఎలిమెంట్లు (మందాన్ని ఒక సంఖ్యగా ఇచ్చే తలపు ఎలిమెంట్లు) వేయాలి కాబట్టి హైపర్‌మెష్, ఆన్సా అనే మెష్ సాఫ్ట్‌వేర్లు ముందుంటాయి, ఉచితంగా దొరికే జీమెష్ వాడితే ఆ తలాన్ని క్యాడ్ (నమూనా గీసే సాఫ్ట్‌వేర్)లోనే సిద్ధం చేసుకోవడం మంచిది. కొలతలు మార్చి మార్చి మెష్ చేయవలసి వస్తే మాత్రం, నా దృష్టిలో, జీమెష్ పైథాన్ స్క్రిప్టే నయం.

జవాబు 2: ప్రీపోమ్యాక్స్‌ను కూడా పరిశీలించండి. అది కాల్క్యులిక్స్ కోసమే రూపొందినది.

జవాబు 3: ఫలితాలకు పారావ్యూ బాగుంటుంది గానీ, ముందుగా కాల్క్యులిక్స్ ఫలితాలుండే ఎఫ్ఆర్‌డీ ఫైలును పారావ్యూ చదవగల వీటీయూ రూపంలోకి మార్చుకోవాలి. ఏది వాడినా రంగుల చిత్రాన్ని పూర్తిగా నమ్మకండి. ఎఫ్ఆర్‌డీలోని ప్రతిబలం (స్ట్రెస్) సాధారణంగా నోడ్ల (ఎలిమెంట్లు కలిసే బిందువుల) వద్ద సగటు చేసిన విలువ కనుక, ఈఎల్ ప్రింట్ ఆదేశంతో ఇంటిగ్రేషన్ బిందువుల (ఎలిమెంటు లోపల లెక్క జరిగే బిందువుల) విలువలను డాట్ (.dat) ఫైలులోకి తెప్పించుకొని పోల్చి చూడండి.