అప్‌డేట్: నెస్టింగ్‌కి ప్లగిన్ కొనాలా, విడి సాఫ్ట్‌వేరా? తేలిపోయింది

మా లేజర్ కటింగ్ షాపులో షీటు వృథా తగ్గించడానికి ఆటోక్యాడ్ ఎల్‌టీలోనే (డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో తక్కువ ధర రకం) నడిచే నెస్టింగ్ ప్లగిన్, అంటే పార్టుల్ని షీటు మీద దగ్గరదగ్గరగా సర్దే అదనపు ప్రోగ్రామ్ కొనాలా, విడి సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు మీ ఎల్‌టీలో ఆ ప్లగిన్ లోడ్ అవుతుందో లేదో చూడండి" అన్నాయన మాటతోనే సగం తేలిపోయింది. 2024 వెర్షన్ నుంచి ఎల్‌టీలో ఆటోలిస్ప్ (ఆటోక్యాడ్‌లో చిన్న ప్రోగ్రాములు రాసుకునే భాష) నడుస్తుంది కానీ, ఆబ్జెక్ట్‌ఏఆర్‌ఎక్స్ (పెద్ద ప్లగిన్లు రాయడానికి వాడే C++ టూల్‌కిట్)తో రాసిన ప్లగిన్లు నడవవు. మేం చూసింది ఆ రకమే. దాని కోసం పూర్తి ఆటోక్యాడ్‌కి మారితే ఏటా కట్టే డబ్బు బాగా పెరుగుతుంది. అందుకే విడి సాఫ్ట్‌వేరే తీసుకున్నాం, దానికి డ్రాయింగ్‌ని డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చదవగలిగే డ్రాయింగ్ ఫార్మాట్) ఎక్స్‌పోర్ట్ చేసి ఇస్తే చాలు.

మొదట్లో కొన్ని పార్టులు 25.4 రెట్లు పెద్దగా వచ్చాయి. కస్టమర్ పంపిన డ్రాయింగ్ గీసింది మిల్లీమీటర్లలోనే అయినా, సెట్టింగ్‌లో యూనిట్లు అంగుళాలని ఉన్నాయి. ఆటోక్యాడ్‌లో యూనిట్లు చెప్పే ఇన్‌స్‌యూనిట్స్ (INSUNITS) సెట్టింగ్ విలువ 4కి, అంటే మిల్లీమీటర్లకి మారిస్తే సరిపోయింది. ఒకదానిమీద ఒకటి పడ్డ గీతలుంటే అలాంటివి తీసేసే ఓవర్‌కిల్ (OVERKILL) కమాండ్ కొట్టి పంపండి, లేకపోతే మెషీన్ అదే చోట రెండుసార్లు కోస్తుంది.

ఇబ్బందల్లా డ్రాయింగ్ మారినప్పుడల్లా మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. మాకొచ్చేవి ఎక్కువగా ఒకసారి కోసి ఇచ్చేసే ఆర్డర్లు కాబట్టి నడిచిపోతోంది. రోజూ డిజైన్లు మార్చేవాళ్లకైతే ప్లగినే నయం.