జర్మనీలో పిల్లలతో ఈస్టర్: ఇంట్లో ఏమేం చేస్తారు?

ఎర్లాంగెన్ అమ్మ:
అందరికీ నమస్తే. పాపకు ఐదేళ్ళు, బాబుకు రెండు. సొన తీసేసిన గుడ్డు డొల్లలు పంపమని కిండర్‌గార్టెన్ నుంచి చీటీ వచ్చింది. పాపేమో ఓస్టర్‌హాజ, అదే ఈస్టర్ కుందేలు, మనింటికి వస్తుందా, మూడో అంతస్తు ఎలా ఎక్కుతుంది అని పొద్దస్తమానం అడుగుతోంది. మేం క్రైస్తవులం కాదు, మాకు తోట కూడా లేదు. అలాగని షాపులో చాక్లెట్ కుందేలు కొనిచ్చి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఇక్కడి ఇళ్ళలో పిల్లలతో ఏ రోజు ఏం చేస్తారో కొంచెం వివరంగా చెప్తారా?

ఫోర్ఖ్‌హైమ్ నుంచి:
తప్పకుండా చేయండి. చర్చికి వెళ్ళని జర్మన్ కుటుంబాలు కూడా పిల్లల కోసం ఇవన్నీ చేస్తాయి. మా పిల్లలకు మాత్రం అన్నీ కింది వాటాలో ఉండే ఓమా, అంటే జర్మన్ బామ్మగారు, నేర్పారు.

ముందు డొల్లల సంగతి. తెల్ల గుడ్లు ఇప్పుడే కొనిపెట్టుకోండి, పండగ దగ్గరపడితే దొరకవు. గుడ్డు కడిగి, సూదితో పైన చిన్న చిల్లు, కింద కాస్త పెద్దది చేయండి. సన్నటి పుల్లతో లోపల పచ్చసొన చితక్కొట్టి పైనుంచి ఊదితే అంతా గిన్నెలోకి జారుతుంది. ఊదే పని పాపకివ్వకండి, పచ్చి సొన నోటికి తగలచ్చు. లోపల నీళ్ళు పోసి కడిగి ఆరబెట్టండి. ఆ సొనతో ఆ పూట గుడ్డు పొరటు చేసుకోవచ్చు. అగ్గిపుల్ల ముక్కకు దారం కట్టి పై చిల్లులోంచి లోపలికి వేస్తే అది అడ్డం తిరిగి నిలుస్తుంది, గుడ్డు వేలాడుతుంది. ఫోర్సీథియా కొమ్మలు ముందుగానే తెచ్చి నీళ్ళలో పెడితే పండగనాటికి పసుపు పూలు విచ్చుకుంటాయి. ఈ గుడ్లు వాటికి కట్టండి. దీన్నే ఓస్టర్‌ష్ట్రౌస్ అంటారు.

తినే గుడ్లకు రంగు మాత్రలు దొరుకుతాయి కానీ, నాకు ఉల్లిపొట్టే ఇష్టం. గుడ్డు మీద కొత్తిమీర ఆకు అతికించి, పాత నైలాన్ సాక్సు ముక్కలో బిగించి కట్టి, పొట్టు మరిగిన నీళ్ళలో ఉడికించండి. విప్పితే గుడ్డంతా ఎర్రమట్టి రంగు, ఆకున్న చోట మాత్రం తెల్లటి అచ్చు. చల్లారాక నూనె చుక్కతో రుద్దితే మెరుస్తాయి. పసుపు రంగుకు మనింట్లో పసుపు ఉండనే ఉంది.

గురువారం ఏదో ఒక ఆకుపచ్చ వంట, ఎక్కువగా పాలకూర, ఆలుగడ్డ, గుడ్డు. శుక్రవారం చేప. ఆ రోజు ఊరంతా నిశ్శబ్దంగా ఉంటుంది. శుక్ర, ఆది, సోమ వారాలు షాపులు మూసేస్తారు కాబట్టి సరుకులు ముందే తెచ్చుకోండి. శనివారం రాత్రి చాలా ఊళ్ళలో ఈస్టర్ మంట వేస్తారు. కట్టెల కుప్పలో ముళ్ళపందులు దూరి ఉంటాయని, మంట పెట్టే రోజున కుప్పను విప్పి మళ్ళీ పేరుస్తారు. మా పిల్లలకు మంట కంటే ఆ పనే ఎక్కువ ఇష్టం.

ఆదివారం పొద్దున వెతుకులాట. 1682లోనే ఫ్రాంక్ ఫన్ ఫ్రాంకెనౌ అనే వైద్యుడు, కుందేలు గడ్డిలో, పొదల్లో దాచిన గుడ్లను పిల్లలు వెతుక్కుంటారని రాశాడు. ఎక్కువ తింటే కడుపునొప్పి అని కూడా రాశాడు! తోట లేకపోతే ఇల్లు చాలు. బూట్లలో, దిండు కింద, బియ్యం డబ్బా వెనక దాచండి. ఎన్ని దాచారో కాగితం మీద రాసుకోండి, లేదంటే ఒకటి మిగిలిపోయి వాసనొస్తుంది. బాబుకు కళ్ళెదుటే పెట్టండి. పాపతో ముందు రాత్రి గూడు కట్టించి, కుందేలుకో క్యారెట్ పెట్టించండి. మెట్లెక్కి వస్తుందని చెప్పండి, నమ్ముతుంది.

మీకు దగ్గర్లోనే ఫ్రెంకిష ష్వైట్స్ అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడి ఊళ్ళలో బావుల్ని, ఫౌంటెన్లను చేత్తో రంగులేసిన గుడ్డు డొల్లలతో అలంకరిస్తారు. సున్నపురాయి కొండల్లో నీటికి కరువు కాబట్టి నీరంటే వాళ్ళకు అంత గౌరవం. అక్కడి బీబర్‌బాఖ్ ఊరి బావి ఎక్కువ గుడ్లతో 2001లో గిన్నిస్ రికార్డుకెక్కింది. పండగయ్యాక కూడా కొన్నాళ్ళు ఉంచుతారు, రద్దీ తగ్గాక వెళ్ళండి.

డ్రెస్డెన్ నుంచి:
మా వైపు బౌట్సెన్‌లో సోర్బ్ జాతి వాళ్ళు బాతు ఈకను కత్తిరించి, వేడి మైనంలో ముంచి గుడ్డు మీద చుక్కలు, త్రికోణాలు అద్దుతారు. రంగులో ముంచి మైనం కరిగిస్తే ముగ్గు తేలుతుంది. పాపకు ఇంకో రెండేళ్ళు ఆగి నేర్పండి, మైనం కాలుతుంది.

గుంటూరు లూథరన్:
మా ఊళ్ళో ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళి పాటలు పాడేవాళ్ళం. ఇక్కడ చీకట్లో చర్చి బయట మంట వెలిగించి, దాంతో పెద్ద కొవ్వొత్తి ముట్టించి లోపలికి తీసుకెళ్తారు. పిల్లల చేతికీ చిన్న కొవ్వొత్తులిస్తారు. క్రైస్తవులు కాకపోయినా వెనక కూర్చుని చూడొచ్చు, మా చర్చిలో ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాత అందరూ కలిసి టిఫిన్ చేస్తారు.

ఎర్లాంగెన్ అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండీ. టెన్షన్ పోయింది. ఇంకొక్కటి: గొర్రెపిల్ల ఆకారం కేక్ అచ్చు కొన్నాను. కేక్ విరక్కుండా ఎలా తీయాలి?

ఫోర్ఖ్‌హైమ్ నుంచి:
చెవుల దగ్గర, మెడ దగ్గర వెన్న బాగా పూసి బ్రెడ్ పొడి చల్లండి. విరిగేది అక్కడే. పొయ్యిలోంచి తీశాక పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు అచ్చు విప్పండి. చెవి విరిగినా పర్లేదు, పళ్ళుకుట్టే పుల్లతో గుచ్చి పైన చక్కెర పొడి చల్లేయండి. కోసేటప్పుడు మాత్రం ఆ పుల్ల తీసేయండి.