69 సార్లు లోపలికి వెళ్లి 7 గోల్సేనా? డీమన్స్ ఫార్వర్డ్ లైన్‌లో లోపం ఎక్కడ?

ఎరుపునీలం (టార్నీట్)

మన ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఫుటీ) జట్టు మెల్‌బోర్న్ డీమన్స్‌లో కోచ్ గుడ్విన్ వెళ్లిపోయాడు, స్టీవెన్ కింగ్ కోచ్‌గా వచ్చాడు. మిడ్‌ఫీల్డర్లు పెట్రాకా గోల్డ్‌కోస్ట్ జట్టుకి, ఆలివర్ జీడబ్ల్యూఎస్ జట్టుకి మారిపోయారు. జట్టులో ఇంత మారినా మనవాళ్ల నోట మాట మాత్రం మారలేదు. మొన్న ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర కూడా ఒకాయన అదే అన్నారు: "మెల్‌బోర్న్ ఫార్వర్డ్స్‌కి గుండె లేదండీ. ప్రెషర్ పడితే చేతులెత్తేస్తారు. 2023 అలాగే పోయింది." ఈ మాట నాకు ఎన్నేళ్లయినా మింగుడుపడదు. అందుకే ఇక్కడ పెడుతున్నా, తేల్చుకుందాం.

ఫుటీ కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మధ్యలో ఉన్న రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. అటూ ఇటూ ఉన్న పొట్టి స్తంభాల వైపు పోతే బిహైండ్, 1 పాయింటే. గోల్‌కి 50 మీటర్ల దూరంలో గీసిన వంపు గీత దాటి బంతి లోపలికి వెళ్తే ఒక ఎంట్రీ. స్కోరు 7.11 అని ఉంటే 7 గోల్స్, 11 బిహైండ్లు, మొత్తం 53.

2023 సెప్టెంబర్ 7, ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) కాలింగ్‌వుడ్‌తో క్వాలిఫైయింగ్ ఫైనల్, అంటే లీగ్ అయ్యాక ఆడే ఫైనల్స్‌లో మొదటి మ్యాచ్, ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. మన ఎంట్రీలు 69. వాళ్లవి 37. చివరికి వాళ్లు 9.6 (60), మనం 7.11 (53). వారం తిరిగాక కార్ల్‌టన్‌తో సెమీఫైనల్: వాళ్లు 11.7 (73), మనం 9.17 (71). రెండు మ్యాచ్‌లూ కలిపితే 9 పాయింట్ల తేడా. అక్కడితో సీజన్ అయిపోయింది.

కాలింగ్‌వుడ్ మ్యాచ్ రోజు నేను పంట్ రోడ్ వైపు పై అంతస్తులో కూర్చున్నా. అక్కడి నుంచి మైదానం చదరంగం బల్లలా కనబడుతుంది. ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ చూశా. మన పొడుగాటి గాన్ ఎగిరి బంతిని కిందికి తడతాడు. వైనీయో ఆలివరో ముగ్గురి మధ్య దాన్ని దొరకబుచ్చుకుంటాడు. తల ఎత్తి చూసే వ్యవధి ఉండదు, ఎవరో నడుం పట్టేస్తుంటారు. దాంతో బంతిని కాలి మీద వేసి ముందుకు తన్నేస్తాడు. అది ఆకాశంలోకి లేచి, వేలాడి, దిగేసరికి కింద కాలింగ్‌వుడ్ డిఫెండర్ డార్సీ మూర్ సిద్ధంగా ఉంటాడు. అతన్ని కాచుకునేవాడు ఒక్కడూ ఉండడు. మన ఫార్వర్డ్ వాన్ రూయెన్‌కి అప్పుడు 20 ఏళ్లు. ఇద్దరి మధ్య నలిగిపోతూ ఎగురుతున్నాడు. అతనిది గుండె లేకపోవడమా? అలాంటి బంతి ఎవరికి వేసినా అంతే.

నా వాదన ఒక్కటే. గోల్ ముందు నిలబడ్డవాళ్లని తిట్టడం మానేసి, వాళ్లకి బంతి అందించిన తన్ను చూడాలి. ఇంకో మాట కూడా అంటాను: ఆ 69ని అందరూ మన ఆధిపత్యంగా చదువుతున్నారు, నాకు అదే జబ్బు లక్షణంలా కనబడుతుంది. బంతి లోపలికి వెళ్లి, బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్తూ ఉంటే ప్రతిసారీ ప్రత్యర్థులు ఇంకో ఇద్దరు వెనక్కి దిగుతారు. పదోసారికల్లా ఆ 50 మీటర్లలో సంతలో ఉన్నంత జనం. ఫార్వర్డ్ పరిగెత్తడానికి దారే ఉండదు.

మ్యాగ్‌పై_తమ్ముడు (పాయింట్ కుక్)

అన్నా, నేను కాలింగ్‌వుడ్ వైపు వాణ్ని కాబట్టి పక్షపాతం అనుకోకండి. మీ లెక్క సరిగ్గానే ఉంది. మీకు 69లో 18 స్కోర్లు వచ్చాయి. అంటే నాలుగుసార్లు వెళ్తే ఒకసారి. మాకు 37లో 15, అంటే ఐదుకి రెండు. మేం వెళ్లినప్పుడల్లా ముందు ఖాళీ ఉండేది, ఎందుకంటే మీవాళ్లంతా మా గోల్ దగ్గరే ఉన్నారు. బంతి దొరకగానే వెనక్కి చూడకుండా పరిగెత్తడమే మా పద్ధతి.

కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. మీరు అంతా మీ మిడ్‌ఫీల్డ్ తప్పే అన్నట్టు రాశారు. అటువైపు మా డిఫెన్స్‌లో మూర్, మేనార్డ్, క్వేనర్, మర్ఫీ ఉన్నారు కదా. మూర్ బంతి ఎక్కడ పడుతుందో ముందే చదివేస్తాడు. తన మనిషిని వదిలేసి వెళ్లే ధైర్యం అతనిది, ఆ వదిలేసిన మనిషిని ఇంకొకడు అందుకుంటాడన్న నమ్మకం జట్టుది. ఆ నెలాఖరున బ్రిస్బేన్‌ని 4 పాయింట్లతో గెలిచి కప్పు ఎత్తాం. ఊరికే రాలేదు.

కార్ల్‌టన్_అక్క (ట్రుగనీనా)

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఎరుపునీలం తమ్ముడూ మీ వాదన. కాలింగ్‌వుడ్ మ్యాచ్ వరకు సరే, ఒప్పుకుంటా. మా మ్యాచ్ సంగతి ఏం చెబుతారు? 9.17! మేం 18 సార్లు స్కోరు చేస్తే మీరు 26 సార్లు చేశారు. అంటే బంతి మీ ఫార్వర్డ్స్ దాకా వచ్చింది. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాలేదు, అంతే. ఆ రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నా, మా అబ్బాయి నా చెయ్యి నలిపేస్తున్నాడు. మీవాళ్లు సెట్ షాట్‌కి నిలబడ్డ ప్రతిసారీ మ్యాచ్ పోయిందనే అనుకున్నాం. ప్రతిసారీ మాకు ఇంకో అవకాశం ఇచ్చారు. చివరి నిమిషంలో బ్లేక్ ఏకర్స్ ఒకే ఒక్క అవకాశాన్ని గోల్‌గా మార్చాడు.

సెట్ షాట్ అంటే 30 సెకన్ల టైమ్, ముందు ఎవరూ టాకిల్ చేయరు, స్తంభాల మధ్య 6.4 మీటర్లు. అప్పుడు మిడ్‌ఫీల్డ్‌ని ఎలా తప్పుపడతారు? అది తన్నేవాడి కాలు, తన్నేవాడి మనసు.

డాక్‌ల్యాండ్స్_రాత్రిడ్యూటీ

మీరు ముగ్గురూ ఎవరు ఆడారో చూస్తున్నారు. ఎవరు ఆడలేదో కూడా చూడండి.

మెల్‌బోర్న్‌లో హారిసన్ పెట్టీని డిఫెన్స్ నుంచి ముందుకు తెచ్చారు, రిచ్‌మండ్ మీద 6 గోల్స్ కొట్టాడు, తర్వాత పాదం గాయం. మెల్క్‌షామ్ ఫామ్‌లో ఉన్నాడు, లీగ్ చివరి మ్యాచ్‌లో మోకాలు పోయింది. కాలింగ్‌వుడ్ మ్యాచ్ తర్వాత వాన్ రూయెన్ సస్పెండ్ అయ్యాడు, సెమీఫైనల్ ఆడలేదు. గ్రండీని కాలింగ్‌వుడ్ నుంచి తెచ్చుకుని, గాన్‌తో కలిపి ఆడించబోయి, అది కుదరక రెండో జట్టు కేసీకి పంపారు. ఇక బ్రేషా. కాలింగ్‌వుడ్ మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే స్పృహ తప్పి పడిపోయాడు. ఆ తర్వాత అతను మళ్లీ ఆడలేదు, 2024 ఫిబ్రవరిలో డాక్టర్ల సలహాతో రిటైర్ అయ్యాడు. ఆ దృశ్యం గుర్తొస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

కలిసి ఆడే అలవాటు లేని ఆరుగురిని ఫైనల్స్‌లో ముందు నిలబెడితే ఒకరి పరుగు ఒకరికి తెలియదు. ఇద్దరూ ఒకే బంతికి ఎగురుతారు, కింద పడ్డ బంతికి ఎవరూ ఉండరు. నాకు తెలిసిన కారణం ఇదే.

ఎరుపునీలం (టార్నీట్)

గాయాల మాట కాదనను. కానీ 2022లో కూడా ఫైనల్స్‌లో వరసగా రెండు ఓడి ఇంటికొచ్చాం, సిడ్నీతో 22 తేడా, బ్రిస్బేన్‌తో 13. రెండేళ్లు, నాలుగు ఫైనల్స్, నాలుగూ సొంత మైదానం ఎంసీజీలోనే. మనుషులు మారుతున్నా కథ అదే అయితే గాయాలు పూర్తి జవాబు కావు.

అక్కా, మీ 9.17కి జవాబు చెప్పాలి. ముందుగా, ఆ 17లో అన్నీ మావాళ్లు గురి తప్పినవి కావు. డిఫెండర్ వేరే దారిలేక బంతిని తన గీత దాటించేసినా మాకు బిహైండే రాస్తారు. రెండోది, షాట్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది. గోల్‌కి ఎదురుగా 30 మీటర్ల నుంచి తన్నడం వేరు, బౌండరీ గీత పక్కనుంచి తన్నడం వేరు. పక్క నుంచి చూస్తే ఆ 6.4 మీటర్లు తలుపు సందంత కనబడతాయి. మధ్యలో మీ డిఫెండర్ వైటరింగ్ లాంటివాడు ఉంటే బంతి పక్కలకే పోతుంది. అదీ మళ్లీ నేను చెప్పిన జనం వల్లే.

దీనికి నా దగ్గర ఉన్న గట్టి సాక్ష్యం 2021. పెర్త్‌లో గ్రాండ్ ఫైనల్, మూడో క్వార్టర్‌లో బుల్‌డాగ్స్ మీద 19 పాయింట్లు వెనకబడ్డాం. 57 ఏళ్లుగా కప్పు లేని జట్టుకి అంతకంటే టెన్షన్ ఏముంటుంది? ఆ స్థితి నుంచి 74 పాయింట్లతో గెలిచాం, 140–66. మా ఫార్వర్డ్స్‌లో ఫ్రిష్ 6 గోల్స్, బ్రౌన్ 3. ఈ ఊపంతా ఎక్కడ మొదలైంది? సెంటర్ బౌన్స్ దగ్గర, అంటే గోల్ పడ్డాక మైదానం మధ్యలో బంతిని మళ్లీ ఆటలోకి వేసే చోట. 2019లో వచ్చిన నిబంధన ప్రకారం సెంటర్ బౌన్స్ సమయంలో రెండు చివరలా, మధ్యలో ఒక్కో జట్టు నుంచి ఆరుగురే ఉండాలి. అంటే ఎవరూ అదనంగా వెనక దాక్కోవడానికి వీల్లేదు. గాన్ తట్టాడు, పెట్రాకా, ఆలివర్ అందుకున్నారు, ముందు ఖాళీ ఉంది, వెంటవెంటనే గోల్స్. రెండేళ్ల తర్వాత కూడా బంతి తెచ్చింది ఆ మనుషులే, ఫ్రిష్ కూడా అక్కడే ఉన్నాడు. ఖాళీ ఒక్కటే లేదు.

ఆస్‌కిక్_నాన్న (విండమ్ వేల్)

నేను మా పాప వెళ్లే ఆస్‌కిక్‌లో (చిన్నపిల్లలకి ఫుటీ నేర్పే చోటు) శనివారాలు కోచ్‌లకి సాయం చేస్తుంటాను. పిల్లల దగ్గర చూసిందే చెబుతా, పెద్దాటకి కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

ఈ ఆటలో తన్నడం కాలితో మొదలు కాదు, చేతితో మొదలవుతుంది. బంతి కోలగా ఉంటుంది కదా, దాన్ని ఒక చేత్తో నిటారుగా కిందికి దించి వదలాలి. నడుం దగ్గర నుంచి వదిలితే అది తిన్నగా పాదం మీద పడుతుంది. మా పాప మామూలుగా చక్కగా తన్నుతుంది. పోయిన నెల ఆట చివర్లో పది గజాలు పరిగెత్తి, రొప్పుతూ నిలబడింది, తోటి పిల్లలంతా అరుస్తున్నారు. బంతిని ఛాతీ దగ్గర నుంచే వదిలేసింది. అది గాల్లోనే కొంచెం పక్కకి తిరిగి, పాదం అంచుకి తగిలి పొట్టి స్తంభం వైపు పోయింది. కాలు ఎప్పటిలాగే ఊగింది. తేడా అంతా ఆ బంతి వదిలిన ఎత్తులో ఉంది.

కార్ల్‌టన్ మ్యాచ్ రికార్డింగ్ నేను రెండుసార్లు చూశా. పెట్రాకా లాంటివాడు మధ్యలో బంతి గుద్దులాటలో దిగాలి, 100 మీటర్లు పరిగెత్తి ముందుకు రావాలి, అతనే గోల్‌కి తన్నాలి. ఊపిరి అందకుండా వచ్చినవాడికి 30 సెకన్లు ఏం సరిపోతాయి? అందుకని అక్క చెప్పిందీ నిజమే, అన్న చెప్పిందీ నిజమే. తప్పిన తన్ను తన్నేవాడిదే, కానీ అతన్ని అంత అలసటతో అక్కడికి తెచ్చింది ఆడే పద్ధతి.

కార్ల్‌టన్_అక్క (ట్రుగనీనా)

బంతి వదిలే ఎత్తు సంగతి నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. ఈసారి చూస్తా. కానీ తమ్ముడూ, ఒక్క విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. అప్పట్లో మా జట్టులో ఉన్న చార్లీ కర్నో 2023లో 78 గోల్స్‌తో కోల్‌మన్ మెడల్ (లీగ్ మ్యాచ్‌ల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చేది) గెలిచాడు. అతనికి మాత్రం అన్నీ మంచి బంతులే వచ్చాయా? ఇద్దరి మీద నుంచి ఎగిరి పట్టినవి ఎన్ని లేవు! చెడ్డ బంతిని మంచి చేసే మనిషి ఒకడు ఉండాలి. మీకు ఆ ఏడాది అలాంటివాడు లేడు.

ఎరుపునీలం (టార్నీట్)

అది ఒప్పుకుంటున్నా అక్కా. ఆ మాట నా మొదటి పోస్టులోనే ఉండాల్సింది. పట్టలేకపోయినా పరవాలేదు, కనీసం ఎదుటివాణ్ని పట్టనివ్వకుండా బంతిని కింద పడేసే మనిషి కావాలి. కింద పడితే పికెట్ ఉన్నాడు, చాండ్లర్ ఉన్నాడు, దొరకబుచ్చుకుంటారు. 2021లో బ్రౌన్, టామ్ మెక్‌డొనాల్డ్ చేసింది ఆ పనే. అది గోల్స్ పట్టికలో కనబడదు. మ్యాగ్‌పై తమ్ముడి జట్టు కాలింగ్‌వుడ్ నుంచి ఇప్పుడు ఫార్వర్డ్ మిహోసెక్ మాకు వచ్చాడు. పని అదే, బాగా తెలిసినవాడు. అతని మీద నాకు ఆశ ఉంది.

అయినా అతని మీదకి కూడా గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎత్తుగా తన్నుతూ పోతే రెండు నెలల్లో "మిహోసెక్ పని అయిపోయింది" అంటారు. ఆ అన్యాయం మళ్లీ వినలేను. ఈసారి ఎంసీజీలో మా మ్యాచ్‌కి గోల్ వెనక పై అంతస్తులోనే టికెట్ తీస్తున్నా. మొదటి క్వార్టర్‌లో ప్రతి ఎంట్రీకి రెండే రాసుకుంటా: తన్నేవాడు తల ఎత్తి చూశాడా, బంతి దిగేసరికి 50 లోపల వాళ్లవాళ్లు ఎంతమంది ఉన్నారు. మ్యాచ్ అయిన రాత్రే ఆ కాగితం ఫొటో ఇక్కడ పెడతా.

మ్యాగ్‌పై_తమ్ముడు (పాయింట్ కుక్)

మాతో మ్యాచ్ అయితే నాకూ పక్క సీటు తీయండి అన్నా. మావాళ్ల ఎంట్రీలు నేను రాస్తా.