లినక్స్‌లో వేరే నేమ్‌స్పేస్ (కొన్ని ప్రాసెస్‌లకు విడిగా కేటాయించిన పరిధి)లోని కెర్నల్ సెట్టింగును సీ ప్రోగ్రామ్‌తో మార్చడం ఎలా?

ప్రశ్న: కంటెయినర్ (సొంత నేమ్‌స్పేస్‌లలో విడిగా నడిచే ప్రాసెస్‌ల సమూహం)లోని ఐపీ ఫార్వర్డింగ్ (ప్యాకెట్లను ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి పంపడం) విలువను హోస్ట్ మీద నడిచే నా సీ ప్రోగ్రామ్‌తో 1 చేయాలని, కంటెయినర్ ప్రాసెస్ రూట్ డైరెక్టరీ గుండా వెళ్లి ప్రాక్ (కెర్నల్ సెట్టింగులను ఫైళ్లుగా చూపే డైరెక్టరీ) ఫైలులో రాశాను. ఎర్రర్ ఏమీ రాలేదు కానీ, మారింది మాత్రం హోస్ట్ విలువ. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: మీరు ఏ దారిన వెళ్లినా, ఫైలు తెరిచే థ్రెడ్ (ప్రాసెస్‌లో నడిచే ఒక పని ధార) ఏ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో ఉందో చూసి కెర్నల్ ఆ విలువనే చూపిస్తుంది. కాబట్టి ముందుగా సొంత నేమ్‌స్పేస్ డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలును సూచించే సంఖ్య) దాచుకుని, నేమ్‌స్పేస్ మార్చే సెట్‌ఎన్‌ఎస్ కాల్‌తో కంటెయినర్ నేమ్‌స్పేస్‌లోకి మారి, ఆ తరువాతే ఫైలు తెరవండి. అలా తెరిచిన డిస్క్రిప్టర్ ఆ నేమ్‌స్పేస్‌నే పట్టుకుని ఉంటుంది కనుక, వెనక్కి వచ్చాక కూడా దానితో రాయవచ్చు.

మరో జవాబు: సెట్‌ఎన్‌ఎస్ పిలిచిన థ్రెడ్‌ను మాత్రమే మారుస్తుంది. ప్రాక్‌లోని సెల్ఫ్ ప్రధాన థ్రెడ్‌ను సూచిస్తుంది కాబట్టి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే, సొంత నేమ్‌స్పేస్ డిస్క్రిప్టర్ తెరిచేటప్పుడు దాని బదులు థ్రెడ్-సెల్ఫ్ వాడండి.

ప్రశ్నించినవారు: పనిచేసింది, ధన్యవాదాలు. స్వాపీనెస్‌కూ (మెమరీని డిస్కుకు ఎంత తరచుగా తరలించాలో చెప్పే సెట్టింగు) ఇదే పద్ధతి వర్తిస్తుందా?

జవాబు: వర్తించదు. దానికి నేమ్‌స్పేస్ విభజన లేదు. ఎక్కడి నుంచి రాసినా మొత్తం యంత్రానికి మారుతుంది.