అప్‌డేట్: ఒడిశాలోని గుణుపూర్ దగ్గర ఎదురెక్కే చేపలు, రెండేళ్ల పాపతో

తొలకరి నీటికి ఎదురెక్కే చేపల్ని పాపకి ఎక్కడ చూపించాలని ఇదివరకు ఇక్కడ అడిగాను. వంశధార ఒడ్డు వద్దు, పొలాల మధ్య చిన్న గెడ్డ (వాగు) చూసుకోమన్నారు. అదే సరైన మాట.

జానెడు ఎత్తు మెట్టున్న కల్వర్టు దిగువ వైపు చాలు. నీరు పడే చోట గుంట లోతుగా ఉంటేనే చేపకి ఎగరడానికి ఊపు దొరుకుతుంది. రాళ్ల మీద పలచగా పారే చోట పరిగెలనే చిన్న చేపలు పక్కకి ఒరిగి పాకుతాయి. పాపకి బాగా కనిపించేది ఇదే: వెండి పొట్ట తళుక్కుమంటుంది, ఒక్క దూకు, వెనక్కి జారుడు, మళ్లీ దూకు. గుడ్లు పెట్టడానికి చెరువుల్లోకి, మడుల్లోకి వాటి ప్రయాణం అది.

పెద్ద వాన వెలిసిన మర్నాడు, పారుదల జోరుగా ఉండగానే బురద కాస్త తేరినప్పుడు వెళ్లాలి. మన నీడ నీళ్ల మీద పడితే చేపలు గుంట అడుగుకి దిగిపోతాయి. పాపని ఒళ్లో పెట్టుకుని అంచుకి నాలుగడుగులు వెనకే కూర్చోండి. పాపని పట్టుకున్న మనిషి ఫోన్ తీయకూడదు. అరగంట చాలు.

నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా, ఉరుము వినబడినా వెంటనే లేచి వచ్చేయండి. ఇక్కడ చినుకు లేకపోయినా ఎగువ కొండల్లో వాన పడితే గెడ్డ చూస్తుండగానే పొంగుతుంది.

జెల్ల చేపని మాత్రం ముట్టుకోనివ్వకండి, రెక్క ముల్లు గుచ్చుకుంటే సలుపు భరించలేరు. పాపకి వెనక పట్టీ ఉన్న శాండల్సే వేయండి, మామూలు చెప్పు బురదలో ఊడిపోతుంది.