పోచంపాడు బ్యాక్‌వాటర్‌లో గంటల తరబడి గాలం వేసి కూర్చుంటే ఒక్క పరక చేప పడింది, తప్పెక్కడ?

ఆర్మూర్ అల్లుడు:

అన్నలకు నమస్తే. ఈ మే ఎండల్లో మొన్న ఆదివారం జరిగింది రాస్తున్నా, గాలం అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

మేముండేది హైదరాబాద్‌లో, అత్తగారిది నందిపేట వైపు. పోయిన దసరాకు వెళ్లినప్పుడు శ్రీరాంసాగర్ (అదే పోచంపాడు ప్రాజెక్టు) నీళ్లు చేన్ల అంచు దాకా ఉన్నాయి. మా బామ్మర్ది వెదురు కట్టెకు దారం కట్టి గంటలో నాలుగు జిలేబీ చేపలు, కిలో పైన ఉండే బంగారుతీగ ఒకటి లాగాడు. అది చూశాకే నాకు ఈ పిచ్చి పట్టింది. రాడ్డు, రీలు కలిపి 2,800 పెట్టి కొన్నా. కొర్రమట్టల కోసమని రబ్బరు కప్ప ఇంకో 350. ఈ రెండో లెక్క ఇంట్లో చెప్పలేదు.

ఆదివారం తెల్లారే బయల్దేరుదాం అనుకున్నాం. పూరీలు తిననిదే అత్తమ్మ కదలనివ్వలేదు, ఎనిమిదిన్నర అయింది. దసరాకు నీళ్లున్న చోటే బండి ఆపితే ఎదురుగా గొర్ల మంద మేస్తోంది. నీళ్లు ఎక్కడో గీతలాగా మెరుస్తున్నాయి. కిలోమీటరు పైనే నడిచాం. పైకి అప్పడంలా ఎండి కనిపించే మట్టి, నీళ్ల దగ్గరికి వచ్చేసరికి పిక్కల దాకా దిగింది. నా చెప్పు ఒకటి అందులోనే ఉండిపోయింది. చెయ్యి పెట్టి దేవితే రెండు ఆల్చిప్పలు దొరికాయి కానీ చెప్పు దొరకలేదు.

ఒక గాలానికి వానపాములు, ఇంకోదానికి తవుడు, పల్లిచెక్క కలిపిన ముద్ద. బెండు కాసేపు వణికేది, లాగితే ఖాళీ గాలం. వానపామును కొస నుంచి ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు కొరుక్కుపోతున్నాయి. పదకొండు తర్వాత ఆ వణుకు కూడా లేదు. తెచ్చుకున్న నీళ్ల సీసా చాయ్‌లా కాలింది. ఒంటిగంటన్నరకు లేచేటప్పుడు బకెట్లో వేలెడంత పరక ఒకటి. బామ్మర్ది దాన్ని చూసి, 'బావా, దీన్ని సాదుకుందామా?' అన్నాడు.

దారిలో గుండ్రటి పుట్టి పడవల మీద చేపలు పట్టే పుట్టివాళ్ల దగ్గర రెండు కిలోల రవ్వు చేప కొని బకెట్లో వేసుకుని పోయాం. అత్తమ్మ మొప్ప ఎత్తి చూసి, 'ఇది తెల్లారకముందు చచ్చిన చాప బిడ్డా, మీరు పోయింది ఎనిమిదిన్నరకు కదా' అని కత్తిపీట తెచ్చుకుంది. ఇంకేం మాట్లాడతాం.

ఇంతకీ తప్పు చోటుదా, ఎరదా, టైముదా? వచ్చే ఆదివారం ఇంకోసారి పోవాలని ఉంది.

గోదారి గట్టు:

మూడూ. ముఖ్యంగా చోటు.

మాది బాల్కొండ, చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు చూస్తున్నా. ప్రాజెక్టు నిండితే 1,091 అడుగులు. మీరు దసరాకు చూసింది ఆ నీళ్లనే. అక్టోబర్ 29 నుంచి పైన మహారాష్ట్రలో గోదారి మీదున్న బాబ్లీ బ్యారేజీ గేట్లు మూసి ఉంటాయి, మార్చి 1న వదిలే 0.6 టీఎంసీ తప్పితే అటు నుంచి చెప్పుకోదగ్గ నీళ్లు రావు. ఇటు యాసంగి వరికి కాకతీయ కాలువ తాగుతూనే ఉంటుంది, అదొక్కటే 284 కిలోమీటర్ల కాలువ. మీ వైపు నేల పళ్లెంలా ఉంటుంది, నీళ్లు నాలుగడుగులు దిగితే అంచు ఎంతో దూరం జరుగుతుంది. మీ చెప్పును మింగింది గోదారి తెచ్చిన పూడిక. కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టే ప్రాజెక్టు ఇప్పుడు 80 చిల్లరకు వచ్చిందంటే ఆ బురద పుణ్యమే.

దసరాకు చేప అంచుకు ఎందుకొచ్చింది? అప్పుడే మునిగిన చేన్లల్లో గడ్డి, పురుగు, గింజ ఉంటాయి కాబట్టి. మేలో మీరు కూర్చున్న చోట మోకాలి లోతు నీళ్లు, కింద ఒట్టి బురద. ఆ నీళ్లు పొద్దున పదికే కాగుతాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, 20 డిగ్రీలప్పుడు లీటరుకు 9 మిల్లీగ్రాములు పడితే 30 డిగ్రీలప్పుడు ఏడున్నరే. పెద్ద చేప అక్కడెందుకు ఉంటుంది? పాత గోదారి పాయలోకి దిగిపోతుంది. మీ ఎర కొరికినవన్నీ పరకలే, ఆ నోట్లో మీ గాలం పట్టదు.

మళ్లీ పోతే చీకట్లోనే పోండి. ఎండ ముఖం మీద పడేసరికి సర్దుకోవాలి. లేదంటే సాయంత్రం ఐదున్నర తర్వాత, జెల్లలు దొరకొచ్చు.

వలబుట్ట:

తమ్మీ, ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకు. మాది చేపలు పట్టే ఇల్లు. ప్రాజెక్టులో పట్టే హక్కు లైసెన్సు తీసుకున్న మత్స్యకారులది. ఒడ్డున ఒక్క గాలం వేసుకుంటే మేమెవరం గొడవ పెట్టం, కానీ ముందు అడిగి కూర్చో. అడిగితే మావోళ్లే చోటు చూపిస్తారు. నువ్వు కూర్చున్న పాయకు అడ్డంగా రాత్రే వల కట్టి ఉంటారు, అది దాటి నీ గాలం దగ్గరికి ఏమొస్తుంది?

రబ్బరు కప్ప సంగతికి నవ్వొచ్చింది. కొర్రమట్ట గడ్డిలో, తూటికాడలో నక్కి ఉండే చేప. పైకొచ్చి గాలి మింగుతుంది కాబట్టి వేడికి చావదు, కానీ ఉత్త బురద ఒడ్డున ఉండదు. దానికి చెరువు పోవాలి. ఇంకోటి, వానలు పడ్డాక ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల మీద తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కావలి ఉంటాయి. అప్పుడు కప్ప వేస్తే మీదికొచ్చి పడతాయి. అది వేట కాదు. తెలంగాణ రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నందుకైనా వాటిని వదిలేయాలి.

రవ్వు కిలో ఎంతకిచ్చారు? 200 దాటితే నిన్ను పట్నపోడని చూసి ముంచినట్టే.

నైట్ షిఫ్ట్:

అందరూ చేప గురించే చెప్తున్నారు. పిక్కల దాకా దిగిందన్నప్పుడే వెనక్కి రావాల్సింది భయ్యా. ఇంకో పదడుగులు పోతే నడుము దాకా దిగే చోట్లుంటాయి, పక్కన మనిషి ఉన్నా లాగలేడు. ముందు కట్టెతో పొడిచి చూడండి. పిల్లల్ని మాత్రం అస్సలు తీసుకుపోవద్దు.

ఆర్మూర్ అల్లుడు:

అందరికీ థాంక్స్. వలబుట్ట అన్నా, 240 ఇచ్చినా. ఇంట్లో 180 అని చెప్పినా.

నిన్న సాయంత్రం బామ్మర్ది ఒక్కడే పోయాడు, పుట్టివాళ్లను అడిగి మరీ కూర్చున్నాడట. అదే పాత వెదురు కట్టె. చీకటి పడ్డాక రెండు జెల్లలు పట్టుకొచ్చాడు. ఒకదాని ముల్లు బొటనవేలికి దిగి వాచింది, అయినా ఫోటో పెట్టడం మానలేదు. అత్తమ్మ ఈసారి మొప్పలు చూడలేదు.

నేనేమో పొద్దున మూటలు కారుకెత్తేటప్పుడు డిక్కీ మూతలో రాడ్డు కొస పెట్టి విరగ్గొట్టుకున్నా. పైన జానెడు ముక్క పోయింది. హైదరాబాద్‌లో కొస మాత్రమే మార్చి ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా, లేక మొత్తం కొత్తది కొనాల్సిందేనా?