చిల్లు కాణీకి 50 రూపాయలు సబబేనా?

రావులపాలెం సభ్యుడు:
మొన్న రాజమండ్రి కోటిలింగాల రేవులో ఒకాయన దగ్గర పాత నాణేలు కొన్నాను. ఏడు చిల్లు కాణీలు, నాలుగు తామరపువ్వు ఇరవై పైసలు, పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి ఒకటి. ఏదైనా 50 అన్నాడు. జనం రైల్లోంచి గోదాట్లో వేసినవట, తాడుకి అయస్కాంతం కట్టి తీశాడట. మా బావ చూసి, అరిగిన కాణీకి 50 ఇచ్చావా అని కోప్పడ్డాడు. ఎనభై ఏళ్ల నాణేనికి ఆమాత్రం ధర ఉండదా అండి?

పాలకొల్లు సభ్యుడు:
వయసుని బట్టి ధర కట్టకండి. రూపాయికి 64 కాణీలు. యుద్ధం రోజుల్లో లోహం కలిసొస్తుందని మధ్యలో బెజ్జం పెట్టి 1943 నుంచి 1947 దాకా కోట్ల కొద్దీ కొట్టారు. మా నాయనమ్మ పిల్లల మొలతాడుకి కట్టేది. అంత మామూలు నాణేనికి ధర తెచ్చేది అది అరగకుండా ఎంత బాగా మిగిలిందన్నదే.

కిటికీ పక్కన, వాలు వెలుతురులో పట్టుకుని చూడండి. ఎత్తుగా ఉన్న భాగం ముందు అరుగుతుంది. కాణీ మీది కిరీటంలో సన్న పని విడివిడిగా కనిపిస్తే వెరీఫైన్ అనే మంచి మెట్టు అనుకోవచ్చు. కిరీటం ముద్దగా అయిపోయి అంకెలు మాత్రం తెలుస్తుంటే గుడ్. పేరు చూసి మోసపోకండి, గుడ్ అంటే దాదాపు అట్టడుగు మెట్టు. దానికి నేను 10, మహా అయితే 15 ఇస్తాను. కొట్టినప్పటి ఎర్రటి మెరుపు ఇంకా మిగిలి ఉంటే మాత్రం 100 అడిగినా వదలను.

ఇంకో సంగతి. కాణీ కంచు, అయస్కాంతానికి అంటుకోదు. ఆ ఇరవై పైసలూ అంతే. 1947 రూపాయి నికెల్ కాబట్టి అంటుకుంటుంది. ఆయన అబద్ధం చెప్పాడని అనను, ఇసుక జల్లెడ పట్టి ఉండొచ్చు. కానీ అయస్కాంతం కథ విని డబ్బివ్వకండి.

ముమ్మిడివరం సభ్యురాలు:
ఇది నేను ఒప్పుకోను. వంతెన రాగానే మా అమ్మ కొంగుముడి విప్పి పావలా మా చేతిలో పెట్టేది, దండం పెట్టి వేయమనేది. హేవలాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచాయి. ఎందరి మొక్కులో ఆ నీళ్లలో ఉన్నాయి! మొలలోతు నీళ్లలో రోజంతా నిలబడి వాటిని తీసే మనిషికి 50 ఇస్తే ఎక్కువా?

కాకినాడ సభ్యుడు:
ఫోన్లో కనిపించే ధరలు మాత్రం నమ్మకండి. 1985 రూపాయి మీద హెచ్ అక్షరం ఉంటే లక్షలొస్తాయని మా బంధువు ముందుగా ఫీజు కట్టి పోగొట్టుకున్నాడు. ఆ హెచ్ బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాల గుర్తు, అంతే. పాత నాణేల లావాదేవీలకు తామెవరి దగ్గరా ఫీజులు, కమీషన్లు అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది కూడా. ఎవరో అడిగిన ధర కాదు, నిజంగా అమ్ముడైన ధర చూడండి.

పాలకొల్లు సభ్యుడు:
ముమ్మిడివరం చెల్లెమ్మా, ఆయన కష్టానికి ఇవ్వొద్దని నేననలేదు. కూలి కింద ఇవ్వండి, నేనూ ఇస్తాను. దాన్ని నాణెం ధర అన్నారంటే, రేపు ఇంట్లో అవసరం వచ్చి అమ్మబోయినవాళ్లు ఏడవాల్సి వస్తుంది.

నీళ్లలో ఉన్న నాణేనికి ఇంకో చిక్కుంది. అరగడం వేరు, తుప్పు తినేయడం వేరు. కిరీటం చక్కగా ఉండి కూడా ఒళ్లంతా సన్న గుంటలు పడతాయి. అలాంటివాటికి, నాణెం ఏ మెట్టో తేల్చే పెద్ద గ్రేడింగ్ కంపెనీలు అంకె వేయవు, పాడైందని తెలిసేలా డీటెయిల్స్ అని రాసిస్తాయి. నేనైతే రెండూ రాసుకుంటాను, "వెరీఫైన్, గుంటలు" అని. ధర రెండు మెట్లు దించుతాను. చింతపండు, పీతాంబరి మాత్రం దగ్గరికి రానివ్వకండి.

రావులపాలెం సభ్యుడు:
అయస్కాంతం పెట్టి చూశానండి. రూపాయి టక్కున అంటుకుంది, కాణీలు కదల్లేదు. ఏడింటిలో ఒక్కదానికే కిరీటం తెలుస్తోంది, గుంటల్లేవు. నాలుగు గుడ్. మిగతా రెండూ మా ఆవిడ నిన్ననే చింతపండుతో తోమేసింది, గులాబీ రంగుకి తిరిగాయి. వాటిని ఏమని రాయాలి?

పాలకొల్లు సభ్యుడు:
"తోమినవి" అనే రాయండి. ఇచ్చేటప్పుడు కొనేవాళ్లకి ముందే చెప్పండి. పులి రూపాయి 50కి వచ్చిందంటే మంచి బేరమే, దాన్ని విడిగా కాగితంలో చుట్టి ఉంచండి.